శివరాత్రి జాములను మన పెద్దలు ఎట్లెరిగిరి?



పాలకుర్తి కొండ గుహలలో శ్రీ సోమేశ్వరస్వామియు, శ్రీ లక్ష్మీనరసింహస్వామియు చెంతచెంతనే కొలువుదీరియున్నారు. పూర్వము వరంగల్లు జిల్లాలో ఉండి, 2016 నుండి జనగామ జిల్లాలో చేరిన ఈ క్షేత్రమునకు మహాశివరాత్రినాడు తరలివచ్చు జనమును మనమందరము ఎరుగుదుము. గుహాలయమున పగటివేళ సైతము దీపమే వెలుగు. సూర్యుడు ఎంత పైకి వచ్చినాడో లోపల నిలిచిన అర్చకునకు కానరాదు. రాత్రి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అయినను శివరాత్రినాడు నాలుగు జాములకు నాలుగు పూజలు జరుగవలెను. నడిరేయి లింగోద్భవకాలమున అభిషేకము జరుగవలెను. నేడు మన మణికట్టునకు గడియారమున్నది, చేతిలో ఫోను ఉన్నది. ఇవేవియు లేని కాలమున మొదటి జాము ముగిసినదని, నడిరేయి అయినదని ఎవరు చెప్పిరి? ఏ ఆధారముతో చెప్పిరి? ఈ ప్రశ్నకు సమాధానమును నేడు మనము కలిసి విచారింతము.

పగలు కాలమును తెలిసికొనుట కష్టము కాదు. కఱ్ఱ పాతి నీడను కొలిచినచో చాలును. కౌటిల్యుని అర్థశాస్త్రము రాజు దినచర్యను చెప్పుచు పగటిని ఎనిమిది భాగములు, రాత్రిని ఎనిమిది భాగములు చేయుమన్నది. అందుకు రెండు సాధనములను పేర్కొన్నది: ఒకటి నీడ, రెండవది నాళిక, అనగా నీటి గడియారము. నీడ ఎండను ఆశ్రయించినది. ఎండ లేనిచో నీడ లేదు. కావున రాత్రికిని, మబ్బు పట్టిన పగటికిని, గుహలోని పూజకును వేరొక ఆధారము కావలసివచ్చినది.

గడియ, జాము, ఊపిరి

ముందుగా మన కొలతలను గుర్తుచేసికొందము. పగలు, రాత్రి కలిసి 60 గడియలు. గడియ అనగా నేటి లెక్కలో 24 నిమిషములు. రెండు గడియలు ఒక ముహూర్తము. ఏడున్నర గడియలు ఒక జాము; దినమునకు ఎనిమిది జాములు. గడియకు 60 విఘడియలు. విఘడియకు 6 ప్రాణములు. ప్రాణమనగా ఆరోగ్యవంతుడు ఒకమారు ఊపిరి పీల్చి విడుచుటకు పట్టు కాలము. నేటి లెక్కలో 4 సెకనులు. ఈ విధముగా దినమునకు 21,600 ప్రాణములగును. మనుష్యుడు దినమునకు 21,600 మార్లు శ్వాసించునని, ప్రతి శ్వాసయు హంసజపమని పెద్దలు చెప్పుమాటను మనము వినియేయుందుము. ఆ సంఖ్య ఈ గణితము నుండి వచ్చినదే. జ్యోతిషశాస్త్రము కాలమును కొలుచుటకు మొదలిడినది మనుష్యుని ఊపిరి నుండియే.

అయితే ఊపిరిని రాత్రియంతయు లెక్కించుచు కూర్చుండుట ఎవరికిని సాధ్యము కాదు. అందుచేత మన పెద్దలు రెండింటిని ఆశ్రయించిరి. ఒకటి పైనున్న ఆకాశము. రెండవది క్రిందనున్న నీరు.

ఆకాశము చెప్పిన వేళ

చంద్రుడు ఉన్న రాత్రులలో పల్లె రైతునకు వేరు గడియారము అక్కరలేదు. పౌర్ణమినాడు సూర్యుడు గ్రుంకువేళకు చంద్రుడు ఉదయించును. ఆపై దినమునకు ఇంచుమించు రెండు గడియలు ఆలస్యముగా వచ్చుచుండును. బహుళ అష్టమి నాటికి చంద్రోదయము నడిరేయికి చేరును. శ్రీకృష్ణుడు శ్రావణ బహుళ అష్టమినాడు అర్ధరాత్రి అవతరించెనని మనము పూజించుచున్నాము. ఆనాడు చంద్రుడు తూర్పున తొంగిచూచువేళయు ఇంచుమించు అదియే. చెరసాలలో కృష్ణుడు, ఆకసమున చంద్రుడు ఒకే వేళ ఉదయించిరన్నమాట. జన్మాష్టమికి నడిరేయిని చూపుటకు దేవుడే ఆకసమున దీపము పెట్టినాడు.

శివరాత్రికి ఆ దీపము లేదు. అది మాఘ బహుళ చతుర్దశి. నెలవంక తెల్లవారుటకు కొంచెము ముందుగా మాత్రమే సన్నగా కనిపించును. సూర్యుడు లేడు, చంద్రుడును లేడు. ఇక మిగిలినవి చుక్కలు.

చుక్కలు దారి చూపినవి. మన తెలుగు పల్లెలలో కృత్తికలకు పిల్లలకోడి యని పేరు. కార్తికమాసపు పున్నమినాడు ఈ పిల్లలకోడి ప్రొద్దుగ్రుంకు వేళ తూర్పున లేచి, నడిరేయి నడినెత్తికి వచ్చి, వేకువను పడమట దిగును. మాఘమాసము చివరకు వచ్చుసరికి దాని నడక ముందుకు జరిగియుండును. చీకటిపడునప్పటికే నడినెత్తిని దాటి పడమటివైపు వాలియుండును. శివరాత్రినాడు నడిరేయి దరిదాపులలో పిల్లలకోడి పడమట గ్రుంకును. అదే వేళకు మఖ, పుబ్బ నక్షత్రములు ఇంచుమించు మన తలలపైకి వచ్చును. మరికొంతసేపటికి ఎఱ్ఱని జ్యేష్ఠానక్షత్రము ఆగ్నేయమున లేచును. కొండపై ఆరుబయట కూర్చున్న భక్తుడు ఈ మూడింటిని గుర్తుపట్టగలిగినచో రాత్రి సగము గడచినదని తెలిసికొనుటకు సందేహపడనక్కరలేదు. ఈ లెక్క నేటికిని చెల్లును. రానున్న శివరాత్రినాడు మబ్బు లేనిచో మీరును చూడవచ్చును.

కాని నక్షత్రములు దరిదాపు లెక్కను చెప్పును. గడియ లెక్కను చెప్పుటకు శాస్త్రజ్ఞుడు కావలెను. మబ్బు పట్టినచో శాస్త్రజ్ఞుడును నిస్సహాయుడే. అప్పుడు ఆదుకొన్నది నీరు.

గడియకుడుక

కుడుక యనగా చిన్న గిన్నె. తెలంగాణమున ఎండుకొబ్బరి చిప్పను నేటికిని కుడుక యనుచున్నాము. ఆ ఆకారముగల పలుచని రాగిగిన్నెకు అడుగున సన్నని రంధ్రము చేసి, పెద్ద పాత్రలోని తేటనీటిపై తేలవేయుదురు. రంధ్రముగుండ నీరు లోనికి ఎక్కుచుండును. గిన్నె నిండి మునుగుటకు సరిగా ఒక గడియ పట్టవలెను. మునిగినంతనే దానిని తీసి, నీరు పారబోసి, మరల తేలవేయవలెను. దీనినే గడియకుడుక యనిరి. సంస్కృతమున ఘటికాయంత్రము. ఘటి యనగా చిన్న కుండ. ఆ కుండ పేరే కాలమునకు పేరై గడియ అయినది. నేడు మన గోడమీద ఉన్న గడియారమున కుండయు లేదు, నీరును లేదు. పేరు మాత్రము నిలిచియున్నది.

సూర్యసిద్ధాంతము ఈ యంత్రమును వర్ణించుచు రాగిపాత్ర నిర్మలమైన నీటిలో అహోరాత్రమునకు 60 మార్లు మునుగవలెనని చెప్పినది. 6వ శతాబ్దమునాటి వరాహమిహిరుడు, 7వ శతాబ్దమునాటి బ్రహ్మగుప్తుడు, 12వ శతాబ్దమునాటి భాస్కరాచార్యుడు దీనిని పేర్కొనిరి.

అన్నింటికంటె మనకు ఆత్మీయమైన ప్రమాణము శ్రీమద్భాగవతమున ఉన్నది. తృతీయ స్కంధమున మైత్రేయ మహర్షి విదురునకు కాలస్వరూపమును బోధించుచు పరమాణువు మొదలుకొని బ్రహ్మ ఆయువు వరకు కొలతలను చెప్పుచున్నాడు. ఆ నడుమ నాడికను, అనగా గడియను, కొలుచు పాత్రను సైతము నిర్దేశించినాడు. పాత్ర ఆరు పలముల తూకము ఉండవలెను. నాలుగు మాషముల బంగారమును నాలుగు అంగుళముల పొడవైన సూదిగా సాగదీసి, దానితో అడుగున రంధ్రము చేయవలెను. ఆ రంధ్రముగుండ ప్రస్థమెత్తు నీరు చేరి పాత్ర మునుగుటకు పట్టు కాలమే నాడిక.

ఇందలి నేర్పును గమనింపుడు. రంధ్రము ఇంత వెడల్పని నోటితో చెప్పినచో ఒక్కొక్కరు ఒక్కొక్క రీతిగా చేయుదురు. అంత సన్నని కొలతను ఆ కాలమున చూపుటయు కష్టమే. కాని బంగారము తూకము, సూది పొడవు నిశ్చయించినచో సూది మందము తనంతట తానే నిశ్చయమగును. తూకము, పొడవు ఏ ఊరి కంసాలి యైనను సరిచూడగలడు. బంగారము త్రుప్పు పట్టదు, సన్నగా సాగును. కావున కాశిలో చేసిన కుడుకయు, కంచిలో చేసిన కుడుకయు, ఓరుగల్లులో చేసిన కుడుకయు ఒకే రంధ్రముతో ఉండుటకు వీలైనది.

ఈ తృతీయ స్కంధమును తెనిగించినవాడు బమ్మెర పోతనామాత్యుడు. ఆ మహాకవి పేరుతో ముడిపడిన బమ్మెర గ్రామము మన పాలకుర్తి మండలములోనిదే. పోతన భాగవతమనగానే గజేంద్రుని మొఱ, ప్రహ్లాదుని భక్తి మన మదిలో మెదలును. అదే గ్రంథము భగవంతుని కాలస్వరూపునిగా కీర్తించినది. కాలము భగవత్స్వరూపమైనప్పుడు దానిని తప్పులేక కొలుచుటయు ఆయన సేవయే యగును గదా!

కుడుకను కాచినవారు

గడియకుడుక తనంతట తాను పనిచేయదు. దాని ప్రక్కన మనుష్యుడు మేల్కొని ఉండవలెను. కుడుక మునిగిన క్షణమున తీయనిచో ఆ ఆలస్యము లెక్కలో చేరును. రెండు మూడు మార్లు అట్లు జరిగినచో జాము తప్పును. నీటిలో నలుసు ఉన్నచో రంధ్రము పూడును. చలిరాత్రి చల్లని నీరు కొంచెము మందముగా పారును. అందుచేత కుడుకను కాచువాడు తేటనీరు వడపోసికొనవలెను, రంధ్రమును శుభ్రము చేయుచుండవలెను, ఉదయమునను సాయంకాలమునను సూర్యునితో లెక్కను సరిచూచుకొనవలెను. ఉదయము నుండి మరునాటి ఉదయమునకు 60 మార్లకు మించి మునిగినచో రంధ్రము పెద్దదైనదని, తక్కువ మునిగినచో పూడుచున్నదని గ్రహింపవలెను.

7వ శతాబ్దమున చీనా దేశము నుండి వచ్చి నలందలో చదివిన ఇత్సింగ్ అను బౌద్ధభిక్షువు ఈ విధానమును స్వయముగా చూచి వ్రాసినాడు. అక్కడి విహారములలో రాగిగిన్నెలు నీటిపై తేలుచుండెను. మొదటిమారు మునిగినప్పుడు భేరిని ఒకమారు, రెండవమారు రెండుసార్లు, మూడవమారు మూడుసార్లు మ్రోగించెడివారు. నాలుగవమారు భేరితోపాటు శంఖమును పూరించెడివారు. మబ్బు కమ్మిన పగలైనను మధ్యాహ్నవేళ తప్పదని, దినముల తరబడి వర్షము కురిసినను రాత్రి జాములు తప్పవని ఆయన మెచ్చుకొనినాడు. మధ్యాహ్నము దాటిన తరువాత భుజింపరాదను నియమముగల భిక్షువులకు వేళ తప్పుట వ్రతభంగమే. కావున ఆ గిన్నె వారి వ్రతమునకు కాపలా.

తరువాతి కాలమున నగరములలో లోహపు పళ్ళెమును మ్రోగించి గడియలను చాటెడివారు. మన జేగంట వంటిదే అది. 1526లో ఢిల్లీని జయించిన బాబరు తన ఆత్మకథలో ఈ గడియలవారిని గూర్చి వ్రాసినాడు. గడియల సంఖ్యను మాత్రము కొట్టుచున్నందున, రాత్రి నిద్రలేచి వినినవానికి అది రెండవ జాములోని మూడవ గడియయో, మూడవ జాములోని మూడవ గడియయో తెలియకుండెను. కావున గడియల తరువాత జాము సంఖ్యను గూడ వేరుగా కొట్టవలెనని అతడు ఏర్పాటు చేసినాడు. చీకటిలో పడుకొన్నవానికి చెవి ఒక్కటే ఆధారమని ఈ చిన్న మార్పు తెలుపుచున్నది.

దేవాలయపు అవసరమే కాలగణనకు ఊతమైనదని ఇతర దేశముల చరిత్రయు చెప్పుచున్నది. ఈజిప్టులో కర్ణాక్ దేవాలయమున 1904లో ఒక రాతి జలయంత్రము దొరికినది. అది క్రీస్తుపూర్వము 14వ శతాబ్దమునాటి మూడవ అమెన్‌హోటెప్ రాజు కాలముది. దాని అడుగునుండి నీరు కారుచుండగా మట్టము దిగుచుండును. రాత్రి ఏడాది పొడవున ఒకే నిడివి ఉండదు గనుక లోపలి గోడపై పండ్రెండు నెలలకు పండ్రెండు వరుసల గుర్తులు చెక్కిరి. ఐరోపాలోని క్రైస్తవ మఠములు సైతము నడిరేయి ప్రార్థనకై నీటి గడియారములను నమ్ముకొన్నవే. భాష వేరు, దైవము పేరు వేరు. చీకటిలో వేళ తప్పరాదన్న తపన ఒక్కటే.

లెక్క తప్పునేమో యన్న భయమును గూర్చి ఒక ప్రసిద్ధమైన కథ ఉన్నది. భాస్కరాచార్యుని లీలావతీ గణితమును 1587లో పారసీకములోనికి అనువదించిన ఫైజీ దీనిని చెప్పినాడు. భాస్కరాచార్యుడు తన కుమార్తె పెండ్లి ముహూర్తమునకై కుడుకను తేలవేసి కాచుచుండెనట. ఆ బాలిక కుతూహలముతో వంగి చూడగా ఆమె నగలోని ముత్యము జారి కుడుకలో పడి రంధ్రమునకు అడ్డమైనదట. కుడుక మునుగలేదు, ముహూర్తము దాటిపోయినది. తండ్రి ఆమె పేర గణితగ్రంథమును వ్రాసి ఊరడించెనట. ఇది చరిత్ర కాకపోవచ్చును. కాని కుడుక ప్రక్కన కూర్చున్నవాని గుండె దడ ఎట్టిదో ఈ కథ చెప్పుచున్నది. ఒక ఇంటి పెండ్లియు, అర్ధరాత్రి పుట్టిన శిశువు జాతకమును, గుడిలోని అభిషేకమును ఆ ఒక్కని మెలకువపై ఆధారపడియుండెను.

మబ్బు పట్టిన పగలు

ప్రతి పల్లెయందు కుడుక ఉండదు. కుడుకను కాచు తీరిక అందరికిని ఉండదు. శ్రావణ భాద్రపదములలో దినముల తరబడి సూర్యుడు కానరానప్పుడు సామాన్యుడు ప్రకృతినే అడిగినాడు. తొలికోడి కూసినచో వేకువ. బీరపూవు విచ్చినచో ప్రొద్దు వాలినది. చింతాకు ముడుచుకొన్నచో దీపము పెట్టువేళ. పసులు ఇంటిముఖము పట్టినచో గోధూళి. ఇవి కేవలము ముచ్చటలు కావు. 1729లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ద మైరాన్ అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో ఉంచి చూడగా, వెలుతురు లేకున్నను అది వేళకు ఆకులను విప్పుచు, ముడుచుచు ఉండెను. జీవరాసులలో కాలమును ఎరిగిన లెక్క ఒకటి ఇమిడియున్నదని నేటి శాస్త్రము అంగీకరించుచున్నది. మన రైతు దానిని చింతచెట్టువద్ద నేర్చుకొనెను.

సోమనాథుని జాగరణము

ఇక శివరాత్రికే వత్తము. పాలకుర్తి పేరును తెలుగు సాహిత్యమున శాశ్వతము చేసిన పాల్కురికి సోమనాథుడు కాకతీయుల కాలమునాటి శివకవి, బసవపురాణకర్త. ఆయన పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణమను భాగమున్నది. అందు శ్రీశైలమున శివరాత్రికి చేరిన భక్తుల యాత్రను, జాగరణమును విస్తారముగా వర్ణించినాడు. ఆటలు, పాటలు, వాద్యములు, భజనలు రాత్రియంతయు సాగును. తుమ్మెద పదములు, పర్వత పదములు, నివాళి పదములు, వెన్నెల పదములు, ప్రభాత పదములు అని నాటి ప్రజల పాటలను ఆయన పేర్కొనినాడు.

ఈ పేర్లలో కొన్నింటియందే వేళ దాగియున్నదని గమనింపుడు. ప్రభాత పదము తెల్లవారుజామునకు తగినది. వెన్నెల పదము వెన్నెలకు తగినది. పాటకు వేళ ఉన్నచోట పాటయు వేళను తెలుపును. గుడికి దూరముగా చలిమంట దగ్గర కూర్చున్న ముసలివానికి చుక్కలు కానరాకపోవచ్చును. ప్రభాత పదము చెవినబడినచో రాత్రి గడచినదని ఊరట కలుగును.

జాగరణమను మాటను మనము నిద్ర మానుటగా మాత్రమే తలచుచున్నాము. కుడుకను కాచినవారి కథ వినిన తరువాత అందు మరియొక అర్థము స్ఫురించుచున్నది. ఎవరో ఒకరు మేల్కొని ఉన్నప్పుడే మిగిలినవారికి వేళ తెలియును. ఏడాదిలో తక్కిన రాత్రులు ఆ ఒక్కడు ఊరందరి కొరకు మేల్కొనును. శివరాత్రినాడు ఊరంతయు అతనితో కూడ మేల్కొనును. జాగరణమనగా కాలపురుషుని సన్నిధిలో కాలమును కనిపెట్టుకొని యుండుట యని మేము భావించుచున్నాము.

నేటి గడియారము, నిజమైన నడిరేయి

కాలక్రమమున యంత్రగడియారములు వచ్చినవి. హైదరాబాదున చార్మినారుకు 1889లో నాలుగువైపుల గడియారములు అమర్చిరి. 1906లో దేశమునకంతకు ఒకే ప్రామాణిక కాలము ఏర్పడినది. రైళ్ళకును, కచేరీలకును అది మేలు చేసినది. కాని ఒక సంగతిని భక్తులు గుర్తుంచుకొనవలెను. ఆ కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునకు చెందినది. పాలకుర్తి దానికి సుమారు 3 డిగ్రీలు పడమట ఉన్నది. డిగ్రీకి 4 నిమిషముల వంతున మన నడిరేయి 12 నిమిషములు వెనుక వచ్చును. శివరాత్రి వచ్చు ఫిబ్రవరి, మార్చి నెలలలో సూర్యుని నడకకును గడియారపు నడకకును మధ్య ఇంకొక 10 నుండి 14 నిమిషముల తేడా ఉండును. ఈ రెండును కలిపినచో పాలకుర్తిలో శివరాత్రి నిజమైన నడిరేయి గడియారమున ఇంచుమించు 12 గంటల 25 నిమిషములకు వచ్చును.

అనగా పండ్రెండు గంటలు కొట్టగానే నడిరేయి అయిపోయినదని లేచిపోవువాడు నిశీథ ముహూర్తపు తొలిగడపలోనే లేచుచున్నాడన్నమాట. సూర్యాస్తమయమున కుడుకను తేలవేసి, రాత్రి పొడవున పదిహేను గడియలు దాటువరకు లెక్కించిన పూర్వుడు ఈ పొరపాటు చేయడు. అతని గడియ పాలకుర్తి ఆకాశమునకు చెందిన గడియ. పంచాంగములు నేటికిని గడియలు, విఘడియలు చూపుటలోను, దేవస్థానములు లింగోద్భవకాలమును ప్రత్యేకముగా ప్రకటించుటలోను ఉన్న అర్థము ఇదియే.

గడియారమును విడువుడని మేము చెప్పుట లేదు. అది మనకు లభించిన సౌకర్యము. అయితే సౌకర్యము వచ్చిన తరువాత శ్రద్ధ తగ్గరాదు. రాగికుడుక ప్రక్కన, చలిలో, రెప్పవాల్చక కూర్చున్న ఆ పేరులేని సేవకుల పుణ్యముననే తరతరములుగా జాములు తప్పక పూజలు సాగినవి. శాసనములు గుడి కట్టించిన రాజులను, భూములిచ్చిన దాతలను చెప్పును. గడియను కాచినవారిని చెప్పుట అరుదు. ఈ శివరాత్రినాడు నాలుగు జాముల పూజలో మనము కూర్చున్నప్పుడు, కొండపైనుండి ఒకమారు తలయెత్తి చుక్కలను చూతము. జేగంట మ్రోగినప్పుడు వారిని ఒకమారు తలచుకొందము.

శ్రీ సోమేశ్వరస్వామియు, శ్రీ లక్ష్మీనరసింహస్వామియు మనకందరకు మెలకువను, వేళ తప్పని బుద్ధిని ప్రసాదింతురు గాక!

స్వస్తి.